నూరు ఫీల్డులు చూసిన మనిషి

ల్యాబ్ కోర్సు పూర్తిచేసి ఆరోగ్య కేంద్రాల్లో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు ఆమధ్య రామతీర్థం వెళ్తూ దారిలో మా ఇంటికి వచ్చారు. టీ తాగాక వాళ్ళలో ఒకమ్మాయి అడిగింది. "సార్, ఈ ఉద్యోగంలో సంతోషం ఏటుంటాది? తెల్లారి లేస్తే రక్తం, మూత్రం, గాజుముక్కలు." నేను నవ్వి ఊరుకున్నాను. జవాబు చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు బయటపెట్టాలి. నలుగురు పిల్లల ముందు అది నోటంట రాలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కాగితం తీసుకున్నాను.

మలేరియా విభాగంలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. మొదట టెక్నీషియన్ని, తరువాత ల్యాబ్ సూపర్‌వైజర్ని. ప్రమోషన్ ఎలా వచ్చిందని అడగకండి. నాకంటే ముందున్నవాళ్ళు రిటైరయ్యారు, నేను బతికున్నాను, అంతే. ఫైళ్ళ సంగతి కూడా రాయను, వాటిని చదివినవాళ్ళే లేరు. నేను పనిచేసిన ఊరు ఘాటు రోడ్డు దిగువన ఉంది. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను, ఎందుకంటే కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు.

కాగితం మీద బలాలు

రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది వేసవిలో మా విభాగం వాళ్ళకి అరసవల్లి దగ్గర ఒక లాడ్జి హాల్లో రెండు రోజుల శిక్షణ పెట్టారు. పనిలో సంతోషం, మన బలాలు గుర్తించడం, ఇలాంటివి. చెప్పడానికి వచ్చినాయన ఆ ఉక్కలో కూడా టై కట్టుకున్నాడు. పాపం, చెమట తుడుచుకోవడంతోనే సగం సమయం గడిచిపోయింది. తలా ఒక కాగితం ఇచ్చి, "మీ బలాలు మూడు రాయండి" అన్నాడు.

నేను సమయపాలన, క్రమశిక్షణ, నిజాయితీ అని రాశాను. నా పక్కన కూర్చున్నాయన కూడా సరిగ్గా అవే రాశాడు. నిజాయితీ అన్నది కూడా నా కాగితం చూసే రాశాడు.

మా ల్యాబ్ టెక్నీషియన్ సలోమి మాత్రం ఒక్కటే రాసింది. "ఎంతసేపైనా కదలకుండా కూర్చోగలను." టై కట్టుకున్నాయన దాన్ని పైకి చదివాడు. హాలంతా గొల్లుమంది. "ఇది బలం కాదమ్మా, అలవాటు" అన్నాడాయన. ఆమె తల దించుకుంది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా యూనిట్‌లోనే పనిచేసే హెల్త్ అసిస్టెంట్ అప్పలనాయుడు అసలు కాగితమే తీసుకోలేదు. సందు చూసుకుని గుడికి వెళ్ళి, మధ్యాహ్నానికి అందరికీ ప్రసాదం పట్టుకొచ్చాడు. ఆ రెండు రోజుల శిక్షణలో నాకు గుర్తున్న మంచి సంగతి ఆ ప్రసాదం ఒక్కటే.

అసలు పని ఏమిటంటే

కొత్తగా చేరేవాళ్ళకి ఇది ముందే చెప్పాలి. ఇంటింటికీ తిరిగే సిబ్బంది జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క పూస్తారు. అదే స్లైడు. అది ల్యాబ్‌కి వస్తే మనం రంగు వేసి, నూనె చుక్క పెట్టి, మైక్రోస్కోపులో చూస్తాం. కంటికి కనిపించే ఆ గుండ్రటి వెలుగు ముక్కని ఫీల్డు అంటాం. మలేరియా క్రిమి కనిపిస్తే పాజిటివ్. కనిపించకపోతే నెగటివ్. అయితే నెగటివ్ అని రాయాలంటే నూరు ఫీల్డులు చూడాలి.

ఉందని చెప్పడం తేలిక. కనిపించింది చెప్పడమే కదా. లేదని చెప్పడమే కష్టం. వానాకాలంలో స్లైడ్లు కట్టలు కట్టలుగా వచ్చిపడతాయి. వాటిలో చాలా వరకు నెగటివే. అంటే రోజంతా ఏమీ లేని చోట ఏమైనా ఉందేమోనని చూస్తూ కూర్చోవడమే మన ఉద్యోగం. కళ్ళు గొట్టానికి అంటుకుని ఉంటాయి. ఒక చెయ్యి ఫోకస్ మీద ఉంటుంది, ఇంకో చెయ్యి స్లైడును జరిపే మర మీద ఉంటుంది. ఇక నూరు వరకు లెక్కపెట్టేది ఎవరు? పుస్తకంలో ఆ సంగతి రాయలేదు. మేమెవరమూ అడగలేదు కూడా. అందరం మనసులో లెక్కపెడుతున్నాం అనుకునేవాళ్ళం.

అప్పలనాయుడికి నేనిచ్చిన మెమోలు

అప్పలనాయుడు కొండ ఊళ్ళు తిరిగి రక్తపు నమూనాలు తెచ్చేవాడు. ఆయన నింపిన ఫారాలు చూస్తే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. భర్త పేరు రాయాల్సిన చోట తండ్రి పేరు ఉండేది. వయసు దగ్గర "సుమారు" అని రాసి వదిలేసేవాడు, ఎంతో రాసేవాడు కాదు. ఏడాదికొక మెమో ఇచ్చేవాణ్ణి. ఆయన అన్నీ మడిచి జేబులో పెట్టుకునేవాడు.

ఒకసారి తనిఖీకని ఆయనతో కొండ మీద ఊరికి వెళ్ళాను. జ్వరంతో ఉన్న ముసలమ్మ ఒకామె మమ్మల్ని చూసి తలుపు చాటుకి పోయింది. నేను బయట నిలబడి ప్రభుత్వం, ఆరోగ్యం, బాధ్యత అని చెప్పబోయాను. అప్పలనాయుడు నన్ను పట్టించుకోకుండా అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏటే మామ్మా, మేక ఈనిందేటి?"

లోపల్నుంచి జవాబొచ్చింది. "ఈనింది. రెండేసింది."

"రెండేసిందా! మరి నాకో పిల్లనియ్యవేటి?"

"నీకెందుకియ్యాలిరా? సూదులట్టుకొచ్చి మా ఏల్లు పొడస్తావు."

"పొడస్తాను, సచ్చీదాకా పొడస్తాను. ఏదీ, ఇలగియ్యి."

ఆమె నవ్వుతూ బయటికొచ్చి వేలు చాపింది. ఆయన పొడిచాడు, పూశాడు, మందు ఎలా వేసుకోవాలో చెప్పాడు. ఇంతలో నేను ఏం చేశానంటే, ఫారంలో ఆమె పేరు పూర్తిగా రాయలేదని చూశాను. తిరిగొచ్చాక మెమో ఇచ్చాను. ఆ చుట్టుపక్కల కొండ ఊళ్ళలో ఆయనొక్కడికే వేలిచ్చేవాళ్ళని తెలిసి కూడా, పదేళ్ళు ఆయన్ని మంచి గుమస్తాని చేయాలని చూశాను. ఆయన గుమస్తా కాలేదు. నా అదృష్టం.

సలోమి

సలోమి కాంట్రాక్టు మీద చేరింది. తండ్రి మిషన్ బడిలో టీచరుగా చేసి చనిపోయాడు. భర్త సాలూరు లారీల మీద డ్రైవరుగా ఉండేవాడు. నడుం దెబ్బతిని ఇంట్లోనే ఉండిపోయాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఏటా కాంట్రాక్టు పొడిగించినప్పుడల్లా ఆ కాగితం కాపీ అడిగి తీసుకుని, బైబిల్లో పెట్టుకునేదట.

స్లైడ్లు చూడడంలో ఆమెది మంచి కన్ను. మేము వదిలేసినవి ఆమెకి దొరికేవి. మేము చూసిన నెగటివ్ స్లైడ్లలో కొన్నింటిని మళ్ళీ చూడడానికి పై ల్యాబ్‌కి పంపుతాం. ఆమె చూసినవి రెండేళ్ళలో ఒక్కటి కూడా తప్పని తిరిగి రాలేదు. ఆ రెండేళ్ళలో నేనామెను మెచ్చుకున్నది ఒక్కసారి, "పర్వాలేదు" అని. అప్పట్లో దాన్నే పెద్ద మెప్పు అనుకునేవాణ్ణి.

ఆమెకొక అలవాటుండేది. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే సన్నగా కూనిరాగం మొదలయ్యేది. చర్చిలో పాడుకునే పాటలు. మాటలు వినపడేవి కావు, రాగం మాత్రం గొంతులో తిరుగుతూ ఉండేది. పొద్దున్న మొదలుపెడితే భోజనం వేళ వరకు అదే. వినగా వినగా నాకు ఫ్యాను చప్పుడులా అలవాటైపోయింది.

నేనిచ్చిన సర్క్యులర్

ఒకరోజు జిల్లా అధికారి ఇద్దరు డాక్టర్లను వెంటబెట్టుకుని తనిఖీకి వచ్చారు. గుమ్మంలో ఆగి, చెవి రిక్కించి, "ఏమిటండీ సూపర్‌వైజర్ గారూ, ఆర్కెస్ట్రా కూడా పెట్టారా?" అన్నారు. డాక్టర్లు నవ్వారు. ఆయన మనిషి చెడ్డవాడు కాదు. కారెక్కేలోపే ఆ మాట మరిచిపోయి ఉంటారు. నేను మరిచిపోలేదు. ఇద్దరు బయటివాళ్ళ ముందు నా ల్యాబ్‌ని ఎగతాళి చేశారని ఒళ్ళు మండిపోయింది.

ఆరోజే టైపు కొట్టించాను. "ల్యాబ్‌లో సిబ్బంది మౌనంగా విధులు నిర్వర్తించవలెను. పాటలు, కూనిరాగాలు నిషిద్ధం." ల్యాబ్‌లో ఉండే సిబ్బంది ఇద్దరు. ఒకరు సలోమి, ఇంకొకరు ఊడ్చే ఆవిడ. ఊడ్చే ఆవిడ జన్మలో ఎప్పుడూ పాడలేదు. ఒక్క మనిషికి మొహం మీద చెప్పలేక అందరికీ అని సర్క్యులర్ ఇవ్వడం మా ఆఫీసుల్లో మామూలే. దాన్ని నేను పద్ధతి అనుకునేవాణ్ణి. ఇప్పుడు పిరికితనం అనుకుంటున్నాను.

సలోమి సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టకుండా నిలబడింది.

"సార్, మనసులో పాడుకోవచ్చా?"

వెటకారం అనుకున్నాను. "మనసులో సంగతి నాకెందుకమ్మా? పని మీద దృష్టి పెట్టు" అన్నాను. ఆమె వెళ్ళి కూర్చుంది. మర్నాటి నుంచి ల్యాబ్ నిశ్శబ్దంగా ఉంది. ఏకాగ్రత అంటే అదేనని నేను తృప్తిపడ్డాను.

తిరిగొచ్చిన మూడు స్లైడ్లు

వానలు పట్టుకున్నాయి. రెండు నెలలు గడిచాక పై ల్యాబ్ నుంచి కవరొచ్చింది. సలోమి నెగటివ్ అని రాసిన స్లైడ్లలో మూడు పాజిటివ్. అందులోనూ ఫాల్సిపారం, అంటే ప్రాణం మీదికి తెచ్చే రకం.

ఆమెను పిలిచి కవరు చూపించాను. మూడు స్లైడ్లనూ ఆమె మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఉన్నాయి.

"తప్పు నాదే సార్" అంది.

"ఎలా జరిగింది?"

"నాదే సార్."

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. తప్పు ఒప్పుకుంది కదా, ఇక అడగడానికేముంది అనుకున్నాను. ఆ సాయంత్రం అధికారికి ఉత్తరం రాశాను. ఆమె పనిలో శ్రద్ధ లోపించిందని, ఈసారి కాంట్రాక్టు పొడిగించవద్దని. కాంట్రాక్టుల జాబితా వారంలో ఖరారవుతుంది. ఉత్తరం తపాలులో వెళ్ళిపోయింది.

ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది. రెండేళ్ళు ఒక్క తప్పు చేయని మనిషి రెండు నెలల్లో మూడు తప్పులు చేస్తే, ఆ రెండు నెలల్లో మారిందేమిటని ఎవరైనా ఆలోచిస్తారు. నాకా ఆలోచనే రాలేదు. మారినదాని మీద నా సంతకమే ఉంది.

గంగులు ఇంటికి

ఆ ముగ్గురు రోగులేమయ్యారో చూడాలి. ఇద్దరికి ఊళ్ళోనే మళ్ళీ పరీక్ష జరిగి మందు అందిందని తెలిసింది. మూడో మనిషి గంగులు. కొండ మీద ఊరు. అప్పలనాయుడి బండి వెనక కూర్చుని వెళ్ళాను.

గంగులు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. నెగటివ్ అని చెప్పాక జ్వరం తిరగబెట్టిందట, ఒళ్ళు తెలియకుండా పడిపోతే డోలీ కట్టి కిందికి మోసుకొచ్చారట. ఆసుపత్రిలో చాలా రోజులుండి బతికొచ్చాడు.

"మీ గాజుపలక మీద నేదన్నారు బాబూ" అన్నాడు, కోపం లేకుండానే. "నా ఒంట్లో ఉండిపోనాది."

నేను తప్పు మాదేనని చెప్పాను. క్షమించమని అడగబోతుంటే అతని భార్య అడ్డొచ్చింది.

"ఆ పలక సూసినోలెవరు బాబూ?"

తిట్టడానికి అడుగుతోందనుకున్నాను. "మా ఆఫీసులో ఒక అమ్మాయి" అన్నాను.

"ఆడకూతురా? ఆ దినం ఒంట్లో ఎలగున్నాదో ఏటో పాపం. తిన్నాదో నేదో."

మొగుణ్ణి డోలీలో మోసుకెళ్ళిన మనిషి, ఆ తప్పు చేసిన అమ్మాయి ఆరోజు తిందా లేదా అని అడిగింది. నేను సూపర్‌వైజర్ని. అడగాల్సింది నేను. నాకు ఆ ప్రశ్నే తట్టలేదు.

తిరిగొస్తూ సాలూరు దగ్గర టీకి ఆగాం. రోడ్డుకి రెండు వైపులా లారీలు. అప్పలనాయుడు టీ గ్లాసు పట్టుకుని కాసేపు తచ్చాడి, చివరికి అడిగాడు.

"సార్, ఆయమ్మని తీసీమని రాసేసినారటగా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవులు సెప్తే ఏటి. ఒక మాటంటాను, మళ్ళా మెమో ఇచ్చీకండి."

"చెప్పు."

"ఆయమ్మ పాటతోటి లెక్కెట్టేది సార్. ఒక ముక్క పాడితే ఒకసారి మర తిప్పుద్ది. పాట ఆకరికంటా అయితే నూరు. తవరు పాటాపీమన్నారు. లెక్కాగిపోనాది."

"ఆ సంగతి నాకు చెప్పొచ్చు కదా ఆవిడ?"

"ఏటని సెప్తాది? గవర్నమెంటు పనిలో సర్చి పాటతోటి లెక్కెడతన్నానని సెప్తే తవరేటంటారు?"

ఏమనేవాణ్ణో నాకు బాగా తెలుసు. అది సరైన పద్ధతి కాదని ఇంకో సర్క్యులర్ ఇచ్చేవాణ్ణి. టీ సగం వదిలేశాను.

నేను లెక్కపెట్టిన రోజు

మర్నాడు అందరికంటే ముందే ల్యాబ్ తెరిచాను. ఒక స్లైడు పెట్టుకుని, నిశ్శబ్దంగా, నా పద్ధతిలో నూరు ఫీల్డులు చూద్దామని కూర్చున్నాను. ఇరవై వరకు బాగానే ఉంది. ముప్పై దగ్గర ఏదో మచ్చ కనిపించింది, ఆగి చూశాను, రంగు మరక. మళ్ళీ మొదలుపెడితే ముప్పై ఒకటో ముప్పై ఆరో గుర్తులేదు. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి నలభై దాటాక మనసు ఇంటికి పోయింది. మూడోసారి కాగితం మీద గీతలు పెట్టుకుందామని కన్ను తీస్తే ఫీల్డు జారిపోయింది.

అప్పుడర్థమైంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఏ స్లైడుకీ నూరు ఫీల్డులు చూడలేదు. ఇక చాలు అనిపించినప్పుడు నెగటివ్ అని రాసేవాణ్ణి. ఒళ్ళు బాగుంటే అరవై, ఆకలేస్తే ముప్పై. నాకు తెలిసిన వాళ్ళలో చాలామంది అంతే. ఆ ల్యాబ్‌లో నిజంగా నూరు చూసిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె చూసే దారిని నేనే మూసేసి, శ్రద్ధ లేదని ఆమె మీద రాశాను.

సలోమి వచ్చాక కూర్చోమన్నాను. నిలబడే ఉంది.

"పాటతో లెక్కపెట్టేదానివట?"

బెదిరిపోయింది. "మానేశాను సార్. సర్క్యులర్ ఇచ్చిన కాడ్నుంచి పాడలేదు."

"మనసులో పాడుకోవచ్చా అని అడిగావు కదా?"

"ప్రయత్నం చేశాను సార్. మనసులో పాడితే పరిగెత్తిపోతాది. గొంతులో ఉంటే ఊపిరి పట్టి ఆపుతాది, లోపలైతే ఆపీది లేదు. పాట అయిపోయింది కదాని నూరు అనుకునేదాన్ని. సగమే అయ్యుంటాది."

అంత సూటిగా, అంత శాస్త్రీయంగా తన పని గురించి చెప్పిన టెక్నీషియన్ని నేను చూడలేదు. అడిగిన మొదటిసారే చెప్పింది. రెండు నెలల ముందు అడిగి ఉంటే అప్పుడే చెప్పేది.

అధికారి గదిలో

జిల్లా అధికారి దగ్గరికి వెళ్ళి, నా ఉత్తరం వెనక్కి తీసుకుంటానన్నాను. సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమని వెనక్కి తీసుకుంటారు? తప్పు జరిగింది. మూడు స్లైడ్లు. ఒకతను చావుదాకా పోయాడు. ఎవరిదో ఒకరిది కావాలి కదా ఆ తప్పు."

"నాది సార్."

"మాట కాదండీ, రాసివ్వాలి. రాస్తే మీ సర్వీసు రికార్డులో పడుతుంది. రిటైర్మెంట్‌కి మూడేళ్ళు కూడా లేవు మీకు. ఆలోచించుకోండి. శనివారం జాబితా వెళ్ళిపోతుంది."

వీరుడిలా అక్కడికక్కడే రాసిచ్చానని చెప్పుకోవాలని ఉంది. రాయలేదు. ఇంటికొచ్చాను. మర్నాడూ రాయలేదు. కక్కలేక మింగలేక తిరిగాను. ఇన్నేళ్ళలో ఒక్క మచ్చ లేని రికార్డు నాది. శిక్షణలో నిజాయితీ అని రాసిన చెయ్యి ఆ రెండు రోజులూ పెన్ను ముట్టలేదు.

శుక్రవారం సాయంత్రం సలోమి నా బల్ల మీద ల్యాబ్ తాళాలు పెట్టింది.

"జాబితాలో నా పేరు లేదట సార్. ఇవి ఎవరికియ్యాలో తెలీక మీకిస్తున్నాను." ఇంకో మాట ఉన్నట్టు ఆగింది. "నీలంరంగు మొన్ననే కలిపాను. ఇంకా ముదరలేదు. కొత్తగా ఎవరొచ్చినా ఓ వారమాగి వాడమనండి. తొందరపడితే రంగు పట్టదు, లోపలున్నవి కనపడవు."

ఉద్యోగం పోతున్న మనిషి రంగు గురించి చెబుతోంది. "తాళాలు తీసుకో" అన్నాను. ఆమె వెళ్ళకముందే కాగితం తీసి రాశాను. "నేను జారీ చేసిన సర్క్యులర్ వలన ఈమె పనిచేసే పద్ధతికి ఆటంకం కలిగి ఈ తప్పులు జరిగినవి. బాధ్యత నాది." శనివారం పొద్దున్నే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. అధికారి చదివి, "పాట అని రాయలేదేం?" అన్నారు. "అడిగితే చెబుతాను సార్" అన్నాను. సంతకం పెట్టారు. సలోమి పేరు జాబితాలో చేరింది. నాకు మెమో వచ్చింది. సర్వీసులో అదే మొదటిది. మడిచి జేబులో పెట్టుకున్నాను.

పిల్లలకి ఇక్కడ ఒక మాట. మీ బలమేమిటో కాగితం మీద రాయమంటే మీకు తోచకపోవచ్చు. తోచలేదని దిగులు పడకండి. పని బాగా జరిగేటప్పుడు మీ చేతులు, గొంతు, ఒళ్ళు ఏం చేస్తున్నాయో చూసుకోండి. అదెంత వింతగా ఉన్నా దాచుకోకండి, పైవాళ్ళకి చెప్పండి. మీరే పైవాళ్ళయిన రోజున మాత్రం, బాగా పనిచేసే మనిషి దగ్గర మీకు నచ్చనిదేదైనా కనిపిస్తే, ఆపించే ముందు అదెందుకో అడగండి. సంతోషం గురించి నాకు తెలిసింది ఇంతే. ఇది కూడా ఆలస్యంగా తెలిసింది.

వరండా

సర్క్యులర్ నేనే చింపేశాను. "ఇక పాడుకో అమ్మా" అన్నాను సలోమితో. "అలాగే సార్" అంది.

పాడలేదు. వారం చూశాను. నేను ల్యాబ్‌లో లేనప్పుడు పాడుతోందని ఊడ్చే ఆవిడ చెప్పింది. నా చెప్పుల చప్పుడు వినపడగానే ఆగిపోయేది. కావాలని చేసేది కాదు. నన్ను చూస్తే గొంతు దానంతటదే మూసుకుపోయేది. నేను పక్క బల్ల దగ్గర కూర్చుంటే ఆమె నిశ్శబ్దంగా స్లైడ్లు చూసేది. ఆ నిశ్శబ్దంలో ఎన్ని ఫీల్డులు పోతున్నాయో నాకు తెలుసు. పాడమని ఇంకోసారి గట్టిగా చెప్పాను. అలా చెబితే పాట వస్తుందా ఎవరికైనా? ఆ సంగతీ ఆలస్యంగానే అర్థమైంది.

ఒక సోమవారం పొద్దున్న అప్పలనాయుణ్ణి సాయం పట్టమని, నా బల్ల, కుర్చీ, బీరువా వరండాలోకి తెప్పించుకున్నాను. ఎండ పడేది. వానొస్తే జల్లు కొట్టేది. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. కొండ మీద నుంచి వచ్చిన వాళ్ళు ముందు నన్ను పలకరించి వెళ్ళేవాళ్ళు. ఎవరి జ్వరం తగ్గింది, ఎవరు మందు మధ్యలో ఆపేశారు, అన్నీ నాకు అక్కడే తెలిసేవి. ఉద్యోగంలో నాకు బాగా గడిచిన రోజులు అవే. తలుపు అవతల నుంచి రాగం వినపడేది, ఆగేది, మళ్ళీ మొదలయ్యేది.

ఆఖరి ఏడాదిలో కొత్త అధికారి తనిఖీకి వచ్చారు. వరండాలో నా బల్ల చూసి వింతగా ఆగారు. "సూపర్‌వైజర్ మీరే కదా? మీ సీటు బయటెందుకు వేశారు?"

నేను లేచి, గొంతు తగ్గించి చెప్పాను.

"లోపల పని జరుగుతోంది సార్."